కనకం కోటు

ఆ సోమవారం పొద్దున కుక్కల ఆశ్రమంలో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఓబులేసు అనే చూపు లేని మనిషి, కనకం అనే కుక్క, ఇద్దరే ఉప్పుగుంటపాళెం సెంటర్లో నెల్లూరు బస్సు ఎక్కాలి. నెల్లూరులో దిగి, ఒక ఆసుపత్రి దాకా నడిచి, గేటు ముట్టుకుని, మళ్ళీ బస్సెక్కి ఇంటికి రావాలి. వెనకాల శిక్షణ ఇచ్చేవాడు ఉండడు, చెయ్యి పట్టుకునే భార్య ఉండదు. లోకంలో కళ్ళున్నవాళ్ళు రోజూ ఆవులిస్తూ చేసే పని ఇది. దీనికోసం ఆశ్రమం వాళ్ళు రెండేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకున్నారు. చేసినదంతా పాడు చేసుకోవడానికి మాత్రం ఒక్క నెల సరిపోయింది.

ఆశ్రమం అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే, రొయ్యల గుంటల మధ్య ఉప్పుగుంటపాళెం. ఊరి చివర రెండు రేకుల షెడ్లు, ఒక బోరు, ఒక జామచెట్టు. బోర్డు మీద పొడుగాటి ఇంగ్లీషు పేరు రాసి ఉంటుంది గానీ దాన్ని చివరిదాకా చదివినవాడు ఊళ్ళో లేడు. పెట్టింది జీవానందం గారు, హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి. వీధికుక్కలకు తిండీ మందూ చూడడం ఒక పని. మంచి కుక్కపిల్లల్ని పెంచి, చూపు లేనివాళ్ళకు దారి చూపేలా తయారు చెయ్యడం ఇంకో పని. ఆ రెండో పని చేసేవాడు బెన్హర్. అతనికి కుక్కలతో తప్ప మనుషులతో మెత్తగా మాట్లాడడం రాదు. రెబెక్కమ్మ కోడి తలకాయలు వేసి కుక్కలకు అన్నం వండుతుంది, తీరికప్పుడు మిషను కుడుతుంది. ముగ్గురూ మంచివాళ్ళు. ఆ మాటకొస్తే ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఒక్కడైనా ఉంటే బాగుండేది, తప్పంతా వాడి మీదికి తోసేసి హాయిగా నిద్రపోయేవాళ్ళం.

ఓబులేసు ఒకప్పుడు సుకుమార్ గారి రొయ్యల గుంటల్లో పని చేసేవాడు. గట్టు మీద నిలబడి సున్నం చల్లుతుంటే గాలి ఎదురు తిరిగి అదంతా కళ్ళలో పడి చూపు పోయింది. సుకుమార్ గారు యాపిల్ పండ్లు పట్టుకుని ఆసుపత్రికి వచ్చి, "కళ్ళద్దాలు పెట్టుకోవాల్సింది గదా ఓబులేసూ" అని కోప్పడి వెళ్ళారు. ఆ కళ్ళద్దాలు కొనివ్వాల్సింది తనేనన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు. అప్పటి నుంచి ఓబులేసు గడప దాటాలంటే భార్య ఆదిశేషమ్మ భుజం పట్టుకోవాల్సిందే. ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తుంది. భర్తను ఎక్కడికైనా తీసుకుపోయిన రోజు ఆమెకు కూలి లేదు. ఇప్పుడు నెల్లూరులో ఒక ఆసుపత్రి వాళ్ళు ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఇస్తామన్నారు. ఒకటో తారీఖున చేరాలి. షరతు ఒక్కటే.

"రోజూ నీ అంతట నువ్వే రావాలయ్యా. వెంట ఇంకో మనిషి వస్తే, ఆ మనిషికి కుర్చీ మేము యాడ నుంచి తెచ్చేది?"

అందుకని కనకం. లేత గోధుమ రంగు కుక్క, పెద్ద తల, ఎవరి మీదా కోపం లేని కళ్ళు. అరవదు, కరవదు, ఉండమన్న చోట ఉంటుంది. కుక్క తయారైంది గానీ బస్సు తయారు కాలేదు. బస్సులో కుక్కేమిటని డిపో ఆఫీసరు మొదట నవ్వాడు. జీవానందం గారు చెప్పులు అరిగేలా తిరిగి ఒప్పించారు. కుక్కకు ఒక కార్డు ఇస్తామని, దాన్ని కండక్టరుకు చూపించాలని ఆఫీసరు అంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు.

"చూపు లేనోడిని కార్డు చూపించమంటే ఎట్లా సార్? వాడు జేబులో తడుముకునే లోపల బస్సు వెళ్ళిపోతుంది. కుక్కకి ఎర్ర కోటు వేస్తాం. కోటుంటే ఎక్కించుకోండి, లేకుంటే లేదు."

"అంతేనా?"

"అంతే సార్. ఇంతకంటే సులువేముంది?"

ఆ రోజు జీవానందం గారు తన తెలివికి తనే మురిసిపోయి, బేకరీలో కేకు కొనుక్కుని ఇంటికి వచ్చారు. వీధికుక్కల్ని పట్టుకుపోయే బండి కాంట్రాక్టరుతోనూ అదే మాట ఖాయం చేసుకున్నారు: ఎర్ర కోటున్న కుక్క జోలికి రాకూడదు. కోటు రెబెక్కమ్మ కుట్టింది. వీపు మీద గట్టి పిడి, కోటుకే కలిపి కుట్టి ఉంటుంది. ఆ పిడి ఓబులేసు చేతిలో ఉందంటే కనకం డ్యూటీలో ఉన్నట్టు. డ్యూటీలో ఉన్న కుక్కను పిలవకూడదు, నిమరకూడదు, బిస్కెట్టు వెయ్యకూడదు. ఇదంతా ఊరికి నేర్పడానికి బెన్హర్ గొంతు బొంగురు పోయింది. ఎట్టకేలకు ఊరు నేర్చుకుంది. ఎర్ర కోటు కనిపిస్తే జనం పక్కకు జరిగి దారి ఇచ్చేవారు.

ఆ సోమవారం బస్సు వచ్చింది. కండక్టరు రాజ్ కుమార్ మెట్టు దిగి నిలబడ్డాడు.

"రా అన్నా, ముందు సీటు నీకోసమే ఆపి పెట్టినా. కనకమ్మా, కాళ్ళు లోపలికి పెట్టుకో తల్లీ."

ఓబులేసు ఎక్కాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాడు. బస్సు కదిలింది. బెన్హర్ అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. ఆదిశేషమ్మ దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది.

"ఇంక నేను పనికి పోవచ్చా సార్?" అని జీవానందం గారిని అడిగింది. "భుజం తేలిగ్గా ఉండాది. ఏందో మాదిరిగా ఉండాది." నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

ఇక్కడితో కథ అయిపోయుంటే ఎంత బాగుండేది!

వాళ్ళు సెంటర్లో ఉండగానే ఆశ్రమం గేటు దగ్గరికి కుక్కల బండి వచ్చింది. గేటు బయట బొగ్గు అనే ముసలి ఆడకుక్క ఉంటుంది. పేరుకు తగ్గ రంగు, ఒక కాలు కుంటి, నోట్లో పళ్ళు లేవు. రెబెక్కమ్మ పెట్టే గంజి అన్నంతో ప్రాణం నిలుపుకుంటోంది. బండివాళ్ళు వల విప్పుతుంటే అది పారిపోలేక తోక ఊపింది. రెబెక్కమ్మ వంట వదిలేసి పరిగెత్తింది. తీగ మీద కనకం రెండో కోటు ఆరేసి ఉంది. లాగి తెచ్చి బొగ్గు మీద వేసి, తడి కోటుకు బొత్తాలు పెట్టేసింది.

"ఇది మా కుక్క నాయనా. డ్యూటీలో ఉండాది."

బండివాళ్ళు బొగ్గును చూశారు, కోటును చూశారు. "ఇది దారి చూపించే లోపల మనిషి ముసలోడైపోతాడు గదక్కా" అన్నాడు ఒకడు. అయినా కోటు కోటే. బండి వెళ్ళిపోయింది.

జీవానందం గారు తిరిగి వచ్చేసరికి బొగ్గు ఎర్ర కోటులో గేటు ముందు పడుకుని ఉంది. సంగతి విన్నారు. ఆయన కోప్పడవలసిన మనిషి. కోప్పడి ఉంటే ఈ ఊరి చరిత్ర వేరేగా ఉండేది. కానీ ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మంచి పని చేసినావమ్మా రెబెక్కా. ఒక ప్రాణం నిలబెట్టినావు."

బెన్హర్ మండిపడ్డాడు. "సార్, ఆ కోటు వేసుకోవడానికి కనకం ఎన్నాళ్ళు చాకిరీ చేసిందో మీకు తెల్దా? టపాకాయలు పేలినా కదలకూడదు, ఎదురుగా కూర ముక్క పెట్టినా చూడకూడదు. ఈ బొగ్గు ఏం చేసింది? తోక ఊపింది!"

"ఒక్క కుక్కకేగా బెన్హర్. గమ్మునుండు."

ఒక్క కుక్కతో ఆగే మంచితనం అయితే దాన్ని మంచితనం అని ఎందుకంటారు? బుధవారానికి గేటు బయట ఉండే మిగతా కుక్కలన్నిటికీ కోట్లు వచ్చాయి. చర్చిలో పోయిన క్రిస్మస్‌కు వేసిన నాటకంలో రాజుల వేషాలు ఉన్నాయి కదా, ఆ ఎర్ర వెల్వెట్ గుడ్డ పాస్టరమ్మ ఇచ్చింది. రెబెక్కమ్మ మిషను తొక్కీ తొక్కీ కాళ్ళు వాచిపోయాయి. కొన్ని కోట్లకు రాజుల జరీ అంచు కూడా మిగిలిపోయింది. ఆ కుక్కలు ఊళ్ళో నడుస్తుంటే ఎవరి పెళ్ళికో పోతున్నట్టు ఉండేది.

తర్వాత ఊరు కదిలింది. కోటుంటే బండి ముట్టుకోదట అని తెలిశాక, కుక్క ఉన్న ప్రతి ఇంటి నుంచీ మనిషి వచ్చాడు. మా తెల్లోడు పసిబిడ్డ సార్, వాణ్ణి పట్టుకుపోతే మా పిలకాయలు అన్నం ముట్టరు సార్, మీరు కుక్కల దేవుడు సార్. కాదనడానికి జీవానందం గారికి నోరు రాలేదు. ముప్పై ఏళ్ళు పిలకాయలకు కొలబద్దతో కొట్టి మరీ సున్నాలు వేసిన మనిషి, కుక్కల దగ్గర అందరినీ పాస్ చేసేశాడు.

"ప్రాణంలో ఎక్కువ తక్కువలు ఏందయ్యా?" అన్నారు బెన్హర్‌తో.

"ప్రాణంలో లేవు సార్, పనిలో ఉండాయి" అన్నాడు బెన్హర్. వినేవాడు లేడు.

ఓబులేసు మాత్రం దారి అలవాటు కావాలని రోజూ బస్సెక్కి నెల్లూరు పోయి వస్తూనే ఉన్నాడు. మొదటి వారం జనం దారి ఇచ్చారు. రెండో వారం ఒకడు దారికి అడ్డంగా నిలబడి, "ఏందన్నా, ఈ కోటు మా తెల్లోడికి కూడా ఉండాది, వాడేం ఆఫీసరా?" అని నవ్వాడు. ఊళ్ళో పిల్లలకు కోటు అంటే ముద్దు చెయ్యాల్సిన కుక్క అని కొత్త అర్థం వచ్చింది. కనకం పిడిలో ఓబులేసు చెయ్యి ఉండగానే దాని నోటికి బిస్కెట్లు అందించేవారు. అది తల తిప్పుకుని నడిచేది. అప్పుడు పిల్లలు, "దీనికి శానా పొగరు, బొగ్గే మేలు" అనేవారు. ఓబులేసు ఎవరినీ ఏమీ అనలేదు. ఒకటో తారీఖు రానీ, ఫోను ముందు కూర్చుంటే చాలు అనుకున్నాడు.

ఆ తర్వాత సుకుమార్ గారు కారు దిగారు. ఆశ్రమానికి కోడి తలకాయలు ఊరికే పంపించేది ఆయనే. ఓబులేసు కళ్ళకు ఏమీ ఇవ్వలేకపోయినా కుక్కలంటే ఆయనకు చాలా జాలి.

"మాస్టారూ, మా గుంటల కాడ కాపలా కుక్కలకి కూడా కోట్లు కావాల. బండోళ్ళు వాటిని పట్టకపోతే రొయ్యలు ఎవడు కాస్తాడు, మీరే చెప్పండి."

ఆ కుక్కలు ఎలాంటివంటే, వాటికి అన్నం పెట్టేవాడు గిన్నె విసిరి పరిగెత్తుతాడు. బెన్హర్ జీవానందం గారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "సార్, ఆ టైగర్‌గాడికి ఎర్ర కోటు వేస్తే, పులికి స్కూలు యూనిఫారం వేసినట్టే సార్."

"తలకాయలు ఆపేస్తే మన కుక్కలు ఏం తింటాయిరా?" అన్నారు జీవానందం గారు నీరసంగా. రెబెక్కమ్మ కొలతలకు వెళ్ళి, టేపు అక్కడే వదిలేసి పారిపోయి వచ్చింది. కంటితో చూసిన అంచనాతో కుట్టింది.

ఊళ్ళో కోట్లకు రెండో ఉపయోగం ఉందని అప్పటికి అందరికీ తెలిసింది. కోటుంటే బస్సులో టికెట్ లేదు. ఒక రోజు అల్లూరు సంత నుంచి ఒకాయన, ఎర్ర కోటు తొడిగిన పొట్టేలుతో బస్సెక్కాడు. రాజ్ కుమార్ కాసేపు దాని మొహం చూశాడు.

"ఇది కుక్కేనా పెద్దాయనా?"

"కోటు చూసుకో సార్."

"కొమ్ములుండాయే!"

"కొమ్ములుంటే ఎక్కించుకోకూడదని నీకెవరు చెప్పినారు? ఇది కూడా సాయం చేసేదే."

"ఏం సాయం చేస్తాది?"

"ఆదివారం కూరకి."

బస్సంతా నవ్వింది. రాజ్ కుమార్ కూడా నవ్వి వదిలేశాడు. ముందు సీటులో కూర్చున్న ఓబులేసు మాత్రం నవ్వలేదు. ఆ నవ్వులో తన సీటు కదలడం అతనికి తెలిసింది. కిందికి వంగి కనకం తల మీద చెయ్యి పెట్టుకుని నెల్లూరు దాకా అలాగే కూర్చున్నాడు.

ఆఖరి వారంలో సుకుమార్ గారి గుంటల మీద పని చేసే మనిషి, టైగర్‌కు గజ్జి పట్టిందని నెల్లూరులో పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. కోటుంది కదా అని బస్సే ఎక్కాడు. టైగర్ దారిలో కాళ్ళు చాపుకుని పడుకుంది. రాజ్ కుమార్‌కు నెల రోజులుగా ఒక అలవాటు పడిపోయింది. ఎర్ర కోటు కనిపించగానే మనసు మెత్తబడుతుంది. ప్రేమగా వంగాడు.

"కాళ్ళు లోపలికి పెట్టుకో తల్లీ" అన్నాడు.

టైగర్ తల్లి కాదు. రాజ్ కుమార్ పిక్కలో కండ ఇంత ఊడివచ్చింది. బస్సు ఆగింది. దిగినవాళ్ళు తలుపుల్లోంచి దిగలేదు, కిటికీల్లోంచి దిగారు. మర్నాడు ఆ రూటులో తిరిగే ప్రతి బస్సు అద్దానికీ ఒక కాగితం అంటించారు: ఎర్ర కోటు వేసిన కుక్కలను ఎక్కించరాదు.

మర్నాడంటే నెలాఖరు రోజు. తెల్లవారితే ఓబులేసు ఉద్యోగంలో చేరాలి. జీవానందం గారు డిపోకు పరిగెత్తారు.

"సార్, ఆ కోటు వేరు, ఈ కోటు వేరు. కనకం అసలైనది."

"రెండూ మీ ఆశ్రమంలో కుట్టినవే గదా సార్?" అన్నాడు ఆఫీసరు. "మీరే గదా కోటు చూస్తే చాలన్నారు? చూశాం. చాలు."

సాయంత్రం ఓబులేసు ఇంటికి కుంటుకుంటూ రాజ్ కుమార్ వచ్చాడు. పిక్కకు కట్టు, చేతిలో ఇంజెక్షన్ల చీటీ. ఆదిశేషమ్మ స్టూలు వేసింది.

"అన్నా, ఒక మాట చెప్తా విను. కాగితంలో కోటు కుక్కలనే ఉండాది. కోటు లేని కుక్కని పట్టీ కట్టి తెస్తే, కోళ్ళ గంపకి కొట్టినట్టు లగేజీ టికెట్ కొట్టేస్తా, నా బస్సులో అడిగేవాడు లేడు. రేపు డ్యూటీ నాదే. కోటు తీసేసి తీసుకురా. మిగతాది నేను చూసుకుంటా."

కరిపించుకున్న మనిషి వచ్చి ఈ మాట చెప్తుంటే ఓబులేసు తడుముకుని అతని చెయ్యి పట్టుకున్నాడు. బెన్హర్ ఒక్కడే అడ్డం తిరిగాడు.

"కోటు లేకుంటే పిడి లేదు. పిడి లేకుంటే దానికి డ్యూటీ అని తెల్దు. ఉత్త కుక్క అయిపోతాది. రేపు నేను జతగా వస్తా."

"వద్దు బెన్హర్" అన్నాడు ఓబులేసు. "మొదటి రోజే మనిషిని వెంటేసుకుని పోతే, వాళ్ళకి ఆ రోజే గుర్తుంటాది. కనకం, నేను. అంతే."

"ఒక్క రోజుకేగా బెన్హర్" అన్నారు జీవానందం గారు. "రేపు చేరనీ. ఎల్లుండి నేను పై ఆఫీసుకు పోతా."

ఒకటో తారీఖు పొద్దున ఆదిశేషమ్మ భర్తకు ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, సెంటర్ దాకా తీసుకొచ్చింది. కనకం పట్టీతో పక్కన నడిచింది. కోటు లేకపోయేసరికి ఒళ్ళు చలివేసినట్టు మాటిమాటికీ వీపు చూసుకుంది. రొయ్యల షెడ్డుకు కూలీలను తీసుకుపోయే ఆటో హారన్ కొట్టింది. "పో మే, బస్సు వచ్చేస్తాది" అన్నాడు ఓబులేసు. ఆమె ఆటో ఎక్కింది.

బస్సుకు ఇంకా కాస్త సమయం ఉంది. మొదటి రోజు భయం, పొద్దున తాగిన రెండు గ్లాసుల టీ. ఓబులేసుకు ఒంటికి పోవాల్సి వచ్చింది. కనకాన్ని టీ కొట్టు పక్కన కూర్చోబెట్టి, "ఉండు" అని చెప్పి, గోడ తడుముకుంటూ బస్సు షెల్టరు వెనక్కు వెళ్ళాడు. కనకం ఉంది. ఉండమంటే ఉండడమే కదా దాని చదువు.

అప్పుడు బండి వచ్చింది. పాపం, ఆ బండివాళ్ళకు నెల రోజులుగా ఒక్క కుక్క దొరకలేదు. ఏ వీధిలో చూసినా ఎర్ర కోట్లే. ఖాళీ బండితో తిరిగి వచ్చినందుకు కాంట్రాక్టరు రోజూ బూతులు తిడుతున్నాడు. సెంటర్లో ఉన్న కుక్కలన్నీ బండి చప్పుడుకు కోట్లతో సహా సందుల్లోకి పారిపోయాయి. బొగ్గు కూడా కుంటుకుంటూ తప్పించుకుంది. ఒక్కటే కుక్క నిదానంగా కూర్చుని ఉంది. ఊరి మొత్తం మీద కోటు లేని కుక్క అదొక్కటే.

వల మీద పడింది. కనకం అరవలేదు, కరవలేదు. అరవకూడదనీ కరవకూడదనీ ఎంతో ఓపికగా నేర్పించారు దానికి.

"ఒరేయ్, అది ఓబులేసు కుక్క రా!" అని టీ కొట్టాయన గరిటెతో పరిగెత్తాడు.

"అయితే కోటేది?"

"నిజంగా అదే రా! చూపు లేనోడికి దారి చూపించేది!"

"చూపు లేనోడి కుక్కయితే కోటుండాల గదన్నా. కోటు లేని కుక్కని మేమేం చేసేది?" అని తలుపు వేసుకుని వెళ్ళిపోయారు.

ఓబులేసు వచ్చి చెయ్యి చాపాడు. చేతికి గాలి తగిలింది. "కనకం" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. టీ కొట్టాయన చెప్పేసరికి బస్సు కూడా వచ్చింది.

"ఎక్కన్నా" అన్నాడు రాజ్ కుమార్. "నేను దింపుతా. ఆసుపత్రి గేటు దాకా నేనే వస్తా. కుక్క సంగతి తర్వాత చూద్దాం. ఉద్యోగం పోతాదన్నా!"

ఓబులేసు మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. మళ్ళీ తీసేశాడు.

"ఉండమని చెప్పి వచ్చినా రాజ్ కుమారూ. అది ఉన్నింది. నన్ను ఒక్కసారి కూడా వదిలేసి పోలేదు అది. నేనెట్లా ఎక్కేది?" అన్నాడు. ఇస్త్రీ చొక్కాతో, బండి ఏ దిక్కున పోయిందో అడుక్కుంటూ, గుంటల గట్ల వెంట చేతులు చాపుకుని నడిచాడు. మధ్యాహ్నానికి బెన్హర్ అతన్ని ఒక ఉప్పు కాలువలో మోకాలి లోతున పట్టుకున్నాడు.

బండివాళ్ళు పట్టిన కుక్కల్ని ఉంచే షెడ్డు చాలా దూరం. జీవానందం గారు రుజువు కోసం కనకం కోటు పట్టుకుపోతే, అక్కడి మనిషి చూసి నవ్వాడు. "ఇట్లాంటి కోటు మీ ఊళ్ళో పొట్టేళ్ళకి కూడా ఉందంట గదా!" అన్నాడు. బతిమాలి, తిట్టి, చివరికి కన్నీళ్ళు పెట్టుకుని మూడో నాడు విడిపించుకొచ్చారు. అప్పటికే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కోసం కడుపు కోసి, అది ఎప్పుడో అయిపోయిందని కోశాక తెలుసుకుని, కుట్లు వేసేశారు. వీధికుక్క అని గుర్తుగా చెవి కొన కత్తిరించారు. ఆసుపత్రి వాళ్ళు మొదటి రోజే రాని మనిషి కోసం రెండో రోజు దాకా ఆగలేదు.

కనకం ఇప్పుడు ఓబులేసు ఇంట్లోనే ఉంటుంది. దాన్ని మళ్ళీ డ్యూటీకి తేవాలని బెన్హర్ నెల రోజులు ప్రయత్నించాడు. బస్సు కాదు కదా, ఆటో చప్పుడు వినపడినా అది వణికిపోయి మంచం కిందికి దూరుతుంది. అప్పుడు ఓబులేసు తడుముకుంటూ వెళ్ళి దాని పక్కన నేల మీద కూర్చుంటాడు. "పోయింది లేమ్మా, పోయింది. నేనుండా" అని వీపు నిమురుతాడు. అది బయటికి వచ్చేదాకా అతనూ లేవడు. ఆదిశేషమ్మ మళ్ళీ భర్తకు భుజం ఇచ్చి తిప్పుతోంది, మళ్ళీ కూలి పోగొట్టుకుంటోంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆశ్రమం వాళ్ళంతా ఓబులేసు ఇంటికి వచ్చారు. సుకుమార్ గారు కూడా యాపిల్ పండ్లతో వచ్చారు.

"కోటు ఎందుకు తీసినావు ఓబులేసూ?" అని కోప్పడ్డారు ఆయన. "కోటుంటే ఇట్లా అయ్యేదా?"

జీవానందం గారు గొంతు సవరించుకున్నారు.

"నాదే పొరపాటు ఓబులేసూ. మళ్ళీ మొదలుపెడదాం. ఇంకో కుక్కను తయారు చేస్తాం. ఈసారి నీలం కోటు. ఆఫీసరుతో మాట్లాడినా, ఆలోచిస్తా అన్నాడు."

"నీలం కోటు ఎవరికీ ఇవ్వంలే" అంది రెబెక్కమ్మ. కొంగు వేలికి చుట్టుకుంటూ, "బొగ్గుకి ఒక్కదానికే" అని గొణిగింది. "ముసలిదైపోయింది పాపం."

ఆదిశేషమ్మ చేతిలో ఉన్న మంచినీళ్ళ చెంబు ఠక్కున కింద పెట్టింది.

"సార్, మీకు దణ్ణం పెడతా. మీరు మంచోళ్ళు. ఊరంతా మంచోళ్ళే. ఎవరినీ ఏడిపించకూడదని అందరికీ కోట్లు కుట్టి ఇస్తిరి. ఏడవడానికి మేమొక్కళ్ళమే మిగిలినాం. ఒక్కరికైనా లేదు అని చెప్పుంటే, నా మొగుడు ఈ పొద్దు ఫోను కాడ కూర్చోనుండేవాడు గదా సార్! ఆ ఒక్క మాట మీ నోట్లోంచి రాలేదే!"

బయట రోడ్డు మీద నెల్లూరు బస్సు పోయింది. మంచం కింద కనకం గోళ్ళు నేలను గీరిన చప్పుడైంది. ఓబులేసు చెయ్యి కిందికి పోనిచ్చి దాని తల వెతుక్కున్నాడు. చెవి కొన దగ్గర వేలు ఆగింది.

"ఊరుకో మే" అన్నాడు భార్యతో. తర్వాత జీవానందం గారి గొంతు వినిపించిన వైపు మొహం తిప్పాడు. "సార్, నాకు కుక్క వద్దు. చేతనైతే ఒక సాయం చెయ్యండి."

"చెప్పు నాయనా, ఏదైనా సరే" అన్నారు జీవానందం గారు ఆత్రంగా.

"నాకు ఒక ఎర్ర కోటు కుట్టించండి. ఈ ఊళ్ళో ఆ కోటు వేసుకున్నోళ్ళని ఎవరూ ముట్టుకోరంట. బిస్కెట్లు కూడా పెడతారంట. ఇన్నాళ్ళూ మనిషిగా అడిగి చూసినా. ఇంక అట్లా బతికి చూస్తా."

రెబెక్కమ్మ కళ్ళు తుడుచుకుంటూ లేచి, సంచిలోంచి కొత్త టేపు తీసి, అతని మెడ కొలిచి, అలవాటు కొద్దీ తోక దాకా పోబోయి ఆగింది.